ఊదు నుండి గిటారు వరకు: తంతి చెప్పే చరిత్ర

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాలలో 'ఊదు' అనే మాట వినని ముస్లిం కుటుంబం ఉండదు. గురువారం సాయంత్రం నిప్పులపై చల్లేది ఊదు. ఉర్సునాడు దర్గాలలో కమ్ముకునేది ఊదు పొగ. దుకాణంలో కొనేది ఊదువత్తి. అరబ్బీ భాషలో 'ఊద్' అనగా కర్ర. సువాసన గల కర్రకు ఆ పేరు వచ్చినట్లే, పలుచని కర్ర పలకలతో చేసిన ఒక తంత్రీ వాద్యానికి కూడ ఆ పేరే వచ్చింది. ధూపపు ఊదు దక్కనుకు శతాబ్దాల క్రితమే చేరింది. వాద్యపు ఊదు మాత్రం ఈ ప్రాంతంలో పాదుకోలేదు. ఉపాధి కొరకు గల్ఫ్ దేశాలకు వెళ్ళిన ఇక్కడి కార్మికులలో ఎందరికో అది అక్కడ కనబడి ఉంటుంది. కువైట్, బహరైన్ దేశాలలో 'సౌత్' అనే గాన సంప్రదాయానికి ఊదే ప్రధాన వాద్యం. 2022లో ఇరాన్, సిరియా దేశాల పక్షాన ఊదు తయారీని, వాదనాన్ని యునెస్కో మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

ఈ పట్టణాల యువకుడు నేడు సరదాకు చేపట్టే వాద్యం ఊదు కాదు, గిటారు. గిటారు చరిత్ర చెప్పేటప్పుడు రెండు అతిశయోక్తులు వినవస్తుంటాయి. గిటారును ముస్లిములే కనిపెట్టారని కొందరు గర్వంగా చెబుతారు. మరికొందరు దాని కథను పదహారవ శతాబ్దపు స్పెయిన్‌తో మొదలుపెట్టి, అంతకు ముందు అక్కడ గడచిన ఎనిమిది శతాబ్దాల ముస్లిం నాగరికతను ఒక్క వాక్యంలో దాటివేస్తారు. సాక్ష్యాలు ఈ రెండింటినీ సమర్థించవు. ముస్లిం పండితులు, శిల్పులు గిటారుకు ఇచ్చినదేమిటో తెలియాలంటే వాద్యం ఆకారాన్ని చూస్తే చాలదు. దానిపై బిగించిన తంతిని చూడాలి.

పేరు విషయంలో జాగ్రత్త

పారసీకంలో 'తార్' అనగా తీగ. 'సెహ్‌తార్' అనగా మూడు తీగలది. సితారు పేరు దాని నుండే వచ్చింది. కాబట్టి గిటారులోని చివరి అక్షరాలు కూడ ఆ 'తార్' అయి ఉంటాయని ఊహించడం సులభం. కాని భాషావేత్తలు సామాన్యంగా అంగీకరించే మార్గం వేరు. ప్రాచీన గ్రీకుల 'కితారా' అనే పేరును అరబ్బులు 'ఖీతారా'గా స్వీకరించారు. స్పానిష్ భాషలో అది 'గితార్రా' అయింది. ఇక్కడ అరబ్బీ ఒక వంతెన మాత్రమే. యూరపులోని 'లూట్' వాద్యం సంగతి అలా కాదు. 'అల్ ఊద్' అనే అరబ్బీ మాటయే స్పెయిన్‌లో 'లావూద్'గాను, ఇంగ్లీషులో 'లూట్'గాను మారింది. పేరుతోబాటు వాద్యం కూడ అరబ్బుల నుండే వెళ్ళింది.

ఆకారంలో కూడ ఈ తేడా కనిపిస్తుంది. ఊదు, లూట్ వాద్యాల వీపు సగం కోసిన బేరిపండువలె గుండ్రంగా ఉంటుంది. గిటారు వీపు చదునుగా, నడుము సన్నగా ఉంటుంది. ఊదు దండిపై మెట్లు లేవు, గిటారు దండిపై ఉన్నాయి. కనుక గిటారును ఊదుకు సొంత బిడ్డ అనడం చరిత్ర కాదు. ఒకే ఇంట్లో పెరిగిన చుట్టం అనడం సమంజసం.

పోగుల లెక్క

తంతిని శాస్త్రంగా పరిశీలించిన తొలి ముస్లిం తత్త్వవేత్త అల్ కిందీ (సుమారు 801-873). ఆయన కాలపు ఊదుకు నాలుగు తంతులు. మంద్రం నుండి తారానికి వాటి పేర్లు బమ్, మస్‌లస్, మస్‌నా, జీర్. లావైన మొదటి రెంటిని పేగుతోను, సన్నని చివరి రెంటిని పట్టుతోను చేయాలని ఆయన వ్రాశాడు. దీనికి కారణం చేతిపనివారికి సులభంగా తెలుస్తుంది. సన్నని తంతి హెచ్చు బిగువును తట్టుకోవాలి, సన్నదనంలో పట్టుకున్న బలం పేగుకు లేదు.

పదవ శతాబ్దంలో బస్రా పండిత బృందమైన 'ఇఖ్వానుస్సఫా' తమ రిసాలాలలో మరొక అడుగు ముందుకు వేసింది. నాలుగు తంతులనూ పట్టుతోనే పేనాలని, బమ్‌లో 64 పోగులు, మస్‌లస్‌లో 48, మస్‌నాలో 36, జీర్‌లో 27 ఉండాలని చెప్పింది. ప్రతి తంతి తన తరువాతి దానికంటె మూడింట ఒక వంతు ఎక్కువ. అనగా నిష్పత్తి 4:3. రెండు తంతుల స్వరాల మధ్య ఉండవలసిన అంతరం కూడ ఇదే. భారతీయ సంగీతంలో షడ్జమానికి, శుద్ధ మధ్యమానికి మధ్యనున్న దూరం అది. వాద్యపు కొలతలను కూడ వారు వదలలేదు. బుర్ర పొడవు వెడల్పునకు ఒకటిన్నర రెట్లు, లోతు వెడల్పులో సగం, దండి పొడవులో నాలుగవ వంతు ఉండాలన్నారు.

ఈ లెక్క సిరిసిల్లలో వింతగా తోచదు. పడుగులో ఎన్ని పోగులు, అచ్చులో ఎన్ని పళ్ళు, ఏ నంబరు నూలు అనే లెక్కలతోనే అక్కడి మగ్గాలు, సాంచాలు నడుస్తాయి. పోగు సంఖ్య మారితే బట్ట బరువు మారుతుందని, బిగువు తప్పితే పోగు తెగుతుందని అక్కడి నేత కార్మికుడు అనుభవంతో ఎరుగును. బస్రా పండితులు స్వరాన్ని కొలవడానికి వాడినది సరిగ్గా ఈ కొలబద్దనే.

లెక్కకు పరీక్ష

అయితే 64, 48, 36, 27 అనే వరుస ఎంత అందంగా ఉన్నా, దానిని ప్రకృతి నియమంతో సరిచూడవలసి ఉన్నది. 1636లో ఫ్రెంచి మతాచార్యుడు మెర్సెన్ తంతుల నియమాలను స్పష్టంగా ప్రకటించాడు. పొడవు, బిగువు మారనప్పుడు, తంతి బరువు రెండింతలైతే నాదం సగానికి దిగదు. సగానికి దిగాలంటే బరువు నాలుగింతలు కావాలి. దీని ప్రకారం అన్ని తంతులూ సమానమైన బిగువుతో 4:3 అంతరంలో పలకాలంటే పోగుల నిష్పత్తి 16:9 ఉండాలి. జీర్‌కు 27 పోగులైతే మస్‌నాకు 48, మస్‌లస్‌కు సుమారు 85, బమ్‌కు సుమారు 152 పోగులు పట్టాలి.

ఇఖ్వానుస్సఫా చెప్పిన పోగులతోనే స్వరం కుదరాలంటే బమ్ బిగువు జీర్ బిగువులో 64కు 27వ వంతు, అనగా సగానికి తక్కువే ఉంటుంది. మంద్రపు తంతి వదులుగా ఉంటుందన్నమాట. అయినా ఆ వాద్యం పలికింది, శతాబ్దాలపాటు పలికింది. 152 పోగులతో పేనిన తంతి మరీ లావై, బిరుసెక్కి, మొద్దుగా మ్రోగి ఉండేది. అందుచేత ఆ గ్రంథపు లెక్క తుది నియమం కాకపోయినా ఆచరణకు అందే మధ్యేమార్గమైంది. బిరుసుతనపు చిక్కు తీరడానికి పదిహేడవ శతాబ్దపు ఉత్తరార్ధం వరకు ఆగవలసి వచ్చింది. తంతిపై సన్నని లోహపు తీగను చుట్టి, లావు పెంచకుండా బరువు పెంచే ఉపాయం అప్పుడు యూరపులో వాడుకలోకి వచ్చింది.

పూర్వ పండితుల గొప్పతనాన్ని నిలబెట్టడానికి వారి లెక్కలో లోపమే లేదని వాదించనవసరం లేదు. చెవికి తోచిన దానిని సంఖ్యలో పెట్టారు. సంఖ్యలో పెట్టారు గనుకనే తరువాతివారు పరీక్షించి సరిదిద్దగలిగారు.

ఖుర్తుబాలో జిర్యాబ్

బాగ్దాద్ విద్య అందలుస్ చేరిన కథలో ప్రముఖమైన పేరు జిర్యాబ్. అసలు పేరు అబుల్ హసన్ అలీ ఇబ్న్ నాఫీ. ఆయన 822లో స్పెయిన్ చేరి, రెండవ అబ్దుర్రహ్మాన్ ఆస్థానంలో ఆదరణ పొంది, 857లో మరణించాడు. ఊదుకు అయిదవ తంతిని చేర్చాడని, మీటడానికి కర్ర ముక్కకు బదులు గద్ద ఈకను వాడాడని, సన్నని తంతులను వేడినీళ్ళు తగలని పట్టుతోను, లావు తంతులను సింహపు పిల్ల పేగుతోను చేయించాడని గ్రంథాలలో కలదు. అయితే ఈ వృత్తాంతం విస్తారంగా కనిపించేది 1632లో మరణించిన అల్ మక్ఖరీ రచనలో. ఆయన పూర్వ చరిత్రకారుల రాతలను ఆధారం చేసుకున్న మాట నిజమే. కాని ఎనిమిది శతాబ్దాల దూరంలో కథకు కొంత అలంకారం చేరి ఉండడం సహజం. అయిదవ తంతి ఆలోచన అల్ కిందీ రచనలలోను ఉన్నది. జిర్యాబ్ ఒక్కడే అన్నిటికీ మూలమనడం కంటె, ఖుర్తుబాలో ఒక బలమైన వాద్య సంప్రదాయం స్థిరపడడానికి కారకుడయ్యాడనడం న్యాయం.

ఈ కళను ముస్లిం సమాజం ఏకగ్రీవంగా ఆమోదించలేదు. నాలుగు మజ్‌హబుల ఫుఖహాలలో అధికులు తంత్రీ వాద్యాలను నిషిద్ధంగా పరిగణించారు. ఇమామ్ గజాలీ (మరణం 1111) 'ఇహ్యా'లో సమా గురించి విపులంగా చర్చించి, కొన్ని వాద్యాలను అనుమతించి, మద్యపాన గోష్ఠులతో ముడిపడిన తంత్రీ వాద్యాలను వేరు చేశాడు. ఖుర్తుబాకు చెందిన ఇబ్న్ హజ్మ్ (మరణం 1064) నిషేధానికి చూపే హదీసులు ప్రామాణికం కావని వాదించాడు. ఆ తీర్పు ధర్మశాస్త్రానికి చెందినది. నాదాన్ని గణితంగా పరిశీలించిన విద్య ముస్లిం పండితుల మధ్యనే వర్ధిల్లిందన్నది చరిత్రకు చెందినది.

మగ్గాల ఊరిలో గిటారు శిల్పి

పదమూడవ శతాబ్దంలో కాస్టీల్ రాజు పదవ అల్ఫాన్సో (పాలన 1252-1284) చేయించిన గీత సంపుటిలోని ఒక చిత్రంలో ముస్లిం, క్రైస్తవ వాద్యకారులు పక్కపక్కన కూర్చొని వాయిస్తుంటారు. పద్నాలుగవ శతాబ్దంలో హువాన్ రూయిజ్ అనే కవి వాద్యాల పట్టికలో 'మూరుల గిటారు', 'లాటిన్ గిటారు' అని రెండింటిని విడివిడిగా పేర్కొన్నాడు. రెండూ ఒకే సభలో ఉన్నాయి, రెండూ ఒకటి కావు. వాద్యాల చుట్టరికానికి ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యం అవసరం లేదు. 1492లో (హిజ్రీ 897) గ్రనడా పతనమైంది. 1546లో సెవిల్‌లో అచ్చయిన అలోన్సో ముదార్రా పుస్తకంలో గిటారు కొరకు వ్రాసిన తొలి ముద్రిత రచనలు గలవు. అప్పటి గిటారుకు నాలుగు జతల తంతులు. తరువాత అయిదు జతలు, పద్దెనిమిదవ శతాబ్దపు చివర ఆరు ఒంటి తంతులు అయినవి.

నేటి గిటారు రూపాన్ని స్థిరపరచిన శిల్పి ఆంతోనియో దె తోర్రెస్ (1817-1892). ఆయన పుట్టింది ఆల్మెరియా దగ్గర. ముస్లిం పాలనలో ఈ ఊరి పేరు అల్ మరియ్యా. పన్నెండవ శతాబ్దంలో అక్కడ ఎనిమిది వందల పట్టు మగ్గాలు ఆడేవని భూగోళ శాస్త్రజ్ఞుడు అల్ ఇద్రీసీ వ్రాశాడు. మగ్గాల వల్లనే గిటారు పుట్టిందనడానికి ఆధారం లేదు. అయినా నేతగాళ్ళ ఊరిలో వాద్య శిల్పి పుట్టడం సిరిసిల్ల పాఠకునికి ఆసక్తి కలిగించకపోదు. తోర్రెస్ వాద్యాన్ని పెద్దది చేశాడు. తంతి పొడవును సుమారు 650 మిల్లీమీటర్లకు స్థిరపరచాడు. పై పలక కింద విసనకర్ర ఆకులవలె సన్నని కర్రలు అతికించాడు. నాదానికి ప్రాణం పై పలకయేనని చూపడానికి 1862లో వీపు, పక్కలు అట్టతో చేసిన గిటారును నిర్మించాడు. పలుచని పలక, కచ్చితమైన కొలత అనే ఇఖ్వానుస్సఫా సూత్రానికి ఇది దూరం కాదు.

కొనేవారికి, చేసేవారికి

ఈ చరిత్ర నుండి నేటి ఔత్సాహికునికి పనికివచ్చే పాఠాలు గలవు. కొనేటప్పుడు మెరుగును, రంగును చూడడం కంటె పై పలకను, దండిని చూడాలి. దండి వంకర లేకుండా ఉన్నదా, ప్రతి మెట్టు వద్ద స్వరం శుద్ధంగా పలుకుతున్నదా, గుర్రం పలక నుండి లేచివస్తున్నదా అని పరిశీలించాలి. సొంతంగా చేయదలచినవారు వీపు కర్ర ఖరీదు కోసం అప్పు చేయనక్కరలేదని తోర్రెస్ అట్ట గిటారు చెబుతున్నది. పైగా ఆ కర్రలలో మేలైనదిగా పేరుపడిన జిట్రేగి దక్షిణ భారత అడవులదే. అమెరికాలోని మార్టిన్ కంపెనీ 1969లో బ్రెజిల్ జాతికి బదులు ఈ భారతీయ జిట్రేగికి మళ్ళింది. 2017లో జిట్రేగి జాతి మొత్తం అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ కిందికి వచ్చింది. తయారైన వాద్యాలకు 2019లో సడలింపు లభించింది.

తంతి విషయంలో తప్పు చేస్తే వాద్యమే పోతుంది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో గొర్రె పేగు శస్త్రచికిత్సల కుట్లకు మళ్ళడంతో గిటారు తంతులకు కరువు వచ్చింది. 1940ల చివరికి దాని స్థానంలో నైలాను నిలిచింది. నైలాను కొరకు చేసిన గిటారుపై ఆరు తంతుల బిగువు మొత్తం దాదాపు 40 కిలోలు. ఉక్కు తీగలది దాదాపు 70 కిలోలు, లేదా అంతకంటె ఎక్కువ. నైలాను గిటారుకు ఉక్కు తీగలు బిగిస్తే గుర్రం ఊడుతుంది, దండి వంగుతుంది. ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే జగిత్యాల ప్రాంతపు పొడి గాలికి కర్ర ముడుచుకొని పలక చీలవచ్చు. వాడనప్పుడు పెట్టెలో ఉంచి, రేకుల కప్పు కింద, కారులో వదలకపోవడం మేలు.

నైలాను గిటారు మంద్రపు తంతిని ఒకదానిని విప్పి చూస్తే, లోహపు చుట్ట లోపల సన్నని నైలాను పోగులు గుత్తిగా కనబడతాయి. పూర్వం అక్కడ పట్టు పోగులుండేవి. ఇక స్వరాల సంగతి చూస్తే, గిటారు ఆరు తంతుల మధ్యనున్న అయిదు అంతరాలలో నాలుగు నేటికీ 4:3 అంతరాలే. ముస్లిములు గిటారును కనిపెట్టారని చెప్పనవసరం లేదు. పోగును లెక్కపెట్టి స్వరాన్ని కొలిచారని చెబితే చాలు. మొదటి మాటకు సాక్ష్యం లేదు. రెండవ మాటకు ఇఖ్వానుస్సఫా రిసాలాలు సాక్ష్యం. ఆ సాక్ష్యం విలువను, రోజంతా పోగులు లెక్కపెట్టే సిరిసిల్ల నేతగాని కంటె బాగా గ్రహించగలవారు అరుదు.