సంస్థానాల్లో రూపచిత్రణ

18వ శతాబ్దం నాటికి గద్వాల, వనపర్తి సంస్థానాల్లో దక్కనీ శైలి చిత్రకళ పాదుకొంది. జటప్రోలు (కొల్లాపూర్) సంస్థానం లాగే ఇవీ నిజాముకు పేష్కష్ (కప్పం) చెల్లిస్తూ కవులను, పండితులను పోషించాయి. కవుల కీర్తి నిలిచినంతగా చిత్రకారుల పేర్లు నిలవలేదు. 1963లో కళా సేకర్త జగదీష్ మిత్తల్ ‘మార్గ్’ పత్రికలో షోరాపూర్‌తో పాటు గద్వాల, వనపర్తి సంస్థానాల చిత్రాలపై వ్యాసం రాయడం ఆ లోటును కొంత తీర్చింది.

ఆ కాలపు రూపచిత్రం కాగితం మీద పుట్టేది. పొరలు పొరలుగా అతికిన కాగితాన్ని నున్నటి రాయితో రుద్ది మెరుగు పెట్టేవారు. తుమ్మబంకలో కలిపిన రంగులను ఉడుత తోక వెంట్రుకల కుంచెతో అద్దేవారు. ముఖం ఎక్కువగా పక్క నుంచే కనిపించేది. ముక్కు, గడ్డం, తలపాగా గీతలోనే మనిషి పోలిక తెలియాలి. పాత బొమ్మ గీత వెంట సన్నటి రంధ్రాలు పొడిచి, బొగ్గుపొడి అద్ది కొత్త కాగితం మీదికి దించుకోవడం శిష్యుడి చదువులో భాగం. హైదరాబాదులో నిజాం అలీ ఖాన్ (1762–1803) కొలువులో రాయ్ వెంకటాచలం ఈ పద్ధతిలోనే ప్రముఖుల రూపాలు చిత్రించాడు.

నూనె రంగులు, కాన్వాస్ వచ్చాక చిత్రకారుడి చదువు తలకిందులైంది. గీతకు బదులు వెలుగునీడలు ముఖ్యమయ్యాయి. బిగించిన గుడ్డకు జిగురు, ఆపై తెల్లపూత వేసి, పల్చటి గోధుమ రంగుతో ముందు నీడలు నిలపాలి. నూనె తక్కువున్న పొరలు అడుగున, ఎక్కువున్నవి పైన ఉండాలి. వరుస తప్పితే పైపొర ముందే ఆరిపోయి, అడుగు పొర కదిలినప్పుడు బీటలు వారుతుంది. 1850లో మద్రాసులో, 1857లో బొంబాయిలో మొదలైన చిత్రకళా పాఠశాలలు ఐరోపా పద్ధతిని క్రమశిక్షణగా నేర్పాయి. చిత్రకారుడు రాజా రవివర్మకు పాఠాలు చెప్పిన రామస్వామి నాయుడు మాత్రం కొలువు చిత్రకారుడే. సికింద్రాబాదులో లాలా దీన్ దయాళ్ స్టూడియో వచ్చాక ఫొటో చూసి ముఖం వేయడమూ సులువైంది. హైదరాబాదులో మాత్రం లలితకళల పాఠశాల 1940లో మొదలైంది.

1949లో జాగీర్ల రద్దుతో సంస్థానాల ఆదరణ ముగిసింది. వనపర్తి రాజభవనంలో 1959లో పాలిటెక్నిక్ కళాశాల వెలిసింది. మిగిలిన పాత బొమ్మల కాగితం తేమకు, పురుగుకు తట్టుకోలేదు. గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ పాత ఇళ్లలో ఎవరి దగ్గర ఇలాంటి బొమ్మ ఉన్నా, అది పాడవకముందే ఫొటో తీయించి, ఊరు, వంశం, తెలిసినంత వివరం రాసి పెట్టాలి.