పార్టీ లేని ఎన్నిక, పైకం ఉన్న అభ్యర్థి

పార్టీల గొడవ లేకుండా బాగా కలిగినవాడెవరైనా నిలబడితే ఊరు బాగుపడుతుందన్న మాట మా కోనసీమలో తరచు వినబడుతుంది. "ఆయనకు ఇంట్లోనే ఉంది, ప్రజల సొమ్ము తినవలసిన అవసరమేముంది?" అంటారు. సర్వీసులో ఉండగా ఎన్నో ఎన్నికల డ్యూటీలు చేసిన నాకు ఈ వాదం మీద మొదటి నుంచీ అనుమానమే.

పార్టీరహిత ప్రజాస్వామ్యం అన్న ఆలోచన చిన్నదేమీ కాదు. ఎం.ఎన్.రాయ్, జయప్రకాశ్ నారాయణ్ వంటి పెద్దలు దానిని నమ్మారు. మన రాష్ట్రంలో 1959లో పంచాయతీరాజ్ వచ్చినప్పుడు కూడా ఊరి వ్యవహారం ఊరివారే చూసుకోవాలన్న ఆశ ఉండేది. అయితే పార్టీ జెండా దించినంత మాత్రాన ఊరిలో భూమి, కులం, అప్పు పత్రం ఎక్కడికి పోతాయి? 1978లో అశోక్ మెహతా కమిటీ పంచాయతీరాజ్ ఎన్నికలలో పార్టీలు బాహాటంగానే పాల్గొనాలని సిఫారసు చేసింది.

1987లో మండల, జిల్లా ప్రజాపరిషత్తులకు పార్టీ ప్రాతిపదికన ఎన్నికలు జరిగాయి. ఎదుర్లంకలో సామాన్య దళిత కుటుంబంలో పుట్టిన జి.ఎం.సి. బాలయోగి గారు తూర్పు గోదావరి జిల్లా ప్రజాపరిషత్ అధ్యక్షులైనది అప్పుడే. 1991లో అమలాపురం నుంచి లోక్‌సభకు వెళ్లి, 1998లో స్పీకరయ్యారు. వెనుక పార్టీ లేకపోతే తోటలూ మిల్లులూ లేని ఒక లాయరు జిల్లా అంతటా ప్రచారం చేసుకోగలిగేవారా? పార్టీలు కూడా డబ్బున్నవారికే టిక్కెట్లు ఇస్తున్నాయి కదా అంటారు. నిజమే, కాదనను. కాని అక్కడ కనీసం కార్యకర్త అలుగుతాడు, మరుసటి ఎన్నికలో పార్టీని అడుగుతారు. ఒంటరి ధనవంతుణ్ణి అడిగేదెవరు?

1994 పంచాయతీరాజ్ చట్టం మధ్యేమార్గం పట్టింది. ఎంపీటీసీ, జడ్పీటీసీలకు పార్టీ గుర్తులు, సర్పంచికి మాత్రం పార్టీ లేని గుర్తులు. 1995లో నాకు డ్యూటీ పడిన ఒక లంక గ్రామంలో సర్పంచి పదవికి నలుగురు నామినేషన్లు వేశారు. ఉపసంహరణ గడువు ముగియకముందే ముగ్గురు ఒకే పడవలో వచ్చి సంతకాలు పెట్టి వెళ్లారు. మిగిలిన కొబ్బరితోటల ఆసామి గుడికి పెద్ద మొత్తం రాసిచ్చాడని ఊరంతా చెప్పుకున్నారు. ఏకగ్రీవం. ఆ పదవికి బ్యాలెట్ పేపరుతో పనే లేకపోయింది. అక్కడి కౌలురైతు ఒకాయన నాతో అన్న మాట మరచిపోలేదు. "ఆయ్, గుడికిచ్చినాయన్ని మా పేటకి రోడ్డెందుకెయ్యలేదని ఏ నోటితో అడుగుతావండీ?"

శాసనసభలో చూసినా అంతే. 1967లో మన రాష్ట్రంలో 68 మంది, 1972లో 57 మంది స్వతంత్రులు గెలిచారు. 287 స్థానాలలో ఇది తక్కువ సంఖ్య కాదు. కాని వారిలో పలువురు టిక్కెట్టు దొరకక విడిగా నిలబడినవారే. గెలిచాక పాత గూటికి చేరడం పెద్ద వింతగా ఉండేది కాదు. స్వతంత్రుడిగా గెలిచి తరువాత పార్టీలో చేరితే సభ్యత్వం పోతుందన్న నిబంధన 1985లో ఫిరాయింపుల చట్టంతోగాని రాలేదు.

2021 పంచాయతీ ఎన్నికలలో రాష్ట్ర ప్రభుత్వం ఏకగ్రీవమైన పంచాయతీలకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల వరకు ప్రోత్సాహకం ప్రకటించింది. బలవంతపు ఏకగ్రీవాలపై కన్నేసి ఉంచాలని ఎన్నికల సంఘం అధికారులను హెచ్చరించవలసి వచ్చింది. ఆ వార్త పేపరులో చదివినప్పుడు, ఆ ముగ్గురూ దిగివచ్చిన పడవే నా కళ్లముందు మెదిలింది. పార్టీ గుర్తులు లేని ఆ ఎన్నికలలో ఏ సర్పంచి ఏ పార్టీవాడో లెక్క మాత్రం ఫలితాల రాత్రే అన్ని పార్టీల ఆఫీసుల నుంచీ వెలువడింది!