పెరట్లో కలుపుకి ఎండే మందు – ఈ పద్ధతి ఎక్కడ పుట్టిందంటే



పెరట్లో కలుపు తీసి తీసి నడుము పట్టేసినవాళ్లు కాస్త ఓపిగ్గా చదవండి. తినే కూరగాయల దగ్గర కలుపు మందు కొట్టబుద్ధి కాదు కదా. ఎండతోనే కలుపుని చంపే పద్ధతి ఒకటుంది. దాని చరిత్ర తెలియక నేను ఒక వేసవి వృథా చేసుకున్నాను.

నేలకి ఎండ పట్టించడం మనకి కొత్త కాదు. మన తాతలు వేసవి దుక్కి దున్ని పెళ్లలు తిరగేసి వదిలేసేవాళ్లు. గరిక వేళ్లు ఎండేవి, పురుగు గుడ్లు మాడేవి. కానీ పొడి నేలలో కలుపు గింజ మొండిది, ఎండకి ఓ పట్టాన చావదు. తొలకరి పడగానే మళ్లీ లేచేది.

ఈ చిక్కు విప్పింది ఇజ్రాయెల్ వాళ్లు. ప్లాస్టిక్ షీటు పరిచిన మళ్లలో నేల విపరీతంగా కాగుతోందని అక్కడి రైతులు, వ్యవసాయ సిబ్బంది గమనించారు. యాకోవ్ కటాన్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు దాన్ని పట్టుకుని, తడి నేల మీద తెల్లటి పాలిథిన్ కప్పి చూశారు. వాళ్లు వెతికింది వంగ, టమాటాల ఎండు తెగులుకి విరుగుడు. 1976లో ఫలితాలు అచ్చేశారు. తెగులు తగ్గింది, దాంతోపాటు కలుపూ పోయింది. తర్వాత కాలిఫోర్నియాలో దీన్ని పెంచారు. మన పటాన్‌చెరు ఇక్రిశాట్‌లోనూ 1980లలో కంది, శనగ ఎండు తెగులు మీద పరీక్షించారు.

అసలు కిటుకు తడిలో ఉంది. తడి తగిలిన గింజ మేలుకుంటుంది, మేలుకున్న గింజ వేడికి తట్టుకోలేదు. తడి నేల వేడిని కిందికి కూడా పంపుతుంది. నేనేమో పొడి నేల మీద నల్ల షీటు వేశాను! నల్లది వెలుతురు ఆపి కలుపుని అణచి ఉంచుతుందే గాని నేలని అంతగా కాచదు. షీటు తీసి, వాన పడగానే కలుపు మామూలే.

చేసే తీరు ఇదీ: పెళ్లలు లేకుండా మడి చదును చేసి, బాగా తడపండి. 25 నుంచి 50 మైక్రాన్ల తెల్ల షీటు, అదీ వెలుతురు దూరేది, నేలకి అంటుకునేలా పరచి అంచులు మట్టిలో పూడ్చండి. భరణి కార్తెలో కప్పి రోహిణి చివర్లో తీస్తే ఆరు వారాలు. తర్వాత లోతుగా తవ్వకండి, అడుగు గింజలు పైకొస్తాయి.

తుంగ మాత్రం దీనికి పూర్తిగా లొంగదు. లోతు గడ్డలు బతికే ఉంటాయి, వాటిని తవ్వి ఏరాల్సిందే. షీటు ముక్కలు కూడా నేలలో వదలొద్దు, కలుపు కంటే అవే ఎక్కువ కాలం ఉంటాయి.

ముందు ఒక్క మడికి చేసి, పక్క మడి అలాగే వదిలేయండి. వానలు పడ్డాక రెండూ చూసి మీరే చెప్పండి.