పాత సర్వీస్ రివాల్వర్ల సేకరణ: తొలి యజమానుల ఆచూకీ

సైన్యాల్లో, పోలీసు బలగాల్లో ఒకప్పుడు వాడిన రివాల్వర్లను సేకరించడం, వాటిని మొదట నడుముకు కట్టుకున్నది ఎవరో తేల్చడం 19వ శతాబ్దం చివరి నుంచి అమెరికా, బ్రిటన్‌లలో బలపడిన అభిరుచి. సీరియల్ నంబరు, తనిఖీ ముద్ర, పటాలపు గుర్తు, చెక్కిన పేరు ఇందులో ఆనవాళ్లు. అయితే ఇనుము మీది నంబరు ఆ తుపాకీ ఎప్పుడు, ఎక్కడ తయారైందో చెబుతుందే తప్ప ఎవరి చేతికి చేరిందో చెప్పదు. అది కాగితాల్లో దొరకాలి. ఆ కాగితం ఉంటుందా లేదా అన్నది చాలావరకు ఆయుధానికి డబ్బు కట్టింది ఎవరన్న దాన్ని బట్టి ఉంటుంది. ప్రభుత్వం కొని ఇచ్చిన రివాల్వర్ పద్దు దళం పేర నడిచింది. అధికారి సొంత డబ్బుతో కొనుక్కుంటే దుకాణం ఖాతాలో అతని పేరే ఎక్కింది.

అమెరికా సైన్యం 1847లో మెక్సికో యుద్ధానికి తీసుకున్న వాకర్ కోల్ట్ దీనికి తొలి ఉదాహరణల్లో ఒకటి. శామ్యూల్ కోల్ట్, కెప్టెన్ శామ్యూల్ వాకర్ కలిసి రూపకల్పన చేసిన ఈ రివాల్వర్ రెండు కిలోలకు పైగా తూగేది. సైన్యానికి చేసిన దాదాపు వెయ్యింటి మీద కంపెనీ అక్షరం, దాని పక్కన వరుస సంఖ్య కొట్టారు. కాబట్టి కంపెనీ తెలుస్తుంది, మనిషి తెలియడు. 1864 ఫిబ్రవరిలో హార్ట్‌ఫోర్డ్‌లోని కోల్ట్ ఫ్యాక్టరీలో మంటలు లేచి పాత దస్త్రాలు చాలా బూడిదయ్యాయి. అంతకుముందు తయారైన రివాల్వర్ల అన్వేషణ ఎక్కువగా అక్కడితోనే ఆగిపోతుంది. మరుసటి ఏడాది అంతర్యుద్ధం ముగిశాక సైన్యం ఒక మంచి పని చేసింది. ఇళ్లకు వెళ్లే సైనికులు కోరుకుంటే తమ ఆయుధాన్ని వెల కట్టి ఉంచుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. రివాల్వర్ వెల 8 డాలర్లు. ఆ మొత్తాన్ని సైనికుడి పేరుకు ఎదురుగా హాజరు పట్టీలో రాసేవారు. తాతగారి రివాల్వర్ అని ఇంట్లో చెప్పుకునే మాటకు ఇలాంటి పద్దు తోడైతే అంతకు మించిన ఆధారం అరుదు.

సైన్యం వదిలించుకున్న మిగులు సామగ్రిని టోకున కొని, న్యూయార్క్‌లో దుకాణం తెరిచి, కేటలాగులు వేసి అమ్మినవాడు ఫ్రాన్సిస్ బ్యానర్‌మన్. సరుకు పెరిగి, ఊళ్లో మందుగుండు ఉంచడం ప్రమాదమని హడ్సన్ నదిలో ఒక దీవినే కొని ఆయుధాగారం కట్టించాడు. తొలితరం సేకరణకర్తలు చాలామంది ఆయన కేటలాగులు చూస్తూ పెరిగినవారే.

బ్రిటన్‌లో దారి వేరు. అక్కడి అధికారులు తమ పిస్తోలు తామే కొనుక్కునేవారు. సర్కారు తూటా పట్టాలన్నదే ప్రధాన షరతు. 1887లో సైన్యం స్వీకరించిన వెబ్లీ, 1915లో వచ్చిన దాని ఆరో నమూనా ఈ కాలపు ప్రధాన ఆయుధాలు. లండన్‌లోని ఆర్మీ అండ్ నేవీ కో-ఆపరేటివ్ సొసైటీ దుకాణంలో అధికారులు గుడారం నుంచి రివాల్వర్ దాకా అన్నీ కొనేవారు. బొంబాయి, కలకత్తాల్లోనూ దానికి శాఖలు ఉండేవి. ఆ దుకాణం ముద్ర ఉన్న వెబ్లీ దొరికితే సేకరణకర్త ముఖం వికసిస్తుంది. ఎందుకంటే దాని తుపాకీ రిజిస్టర్లు గ్లాస్గో విశ్వవిద్యాలయ ఆర్కైవ్‌లో భద్రంగా ఉన్నాయి. నంబరు ఇస్తే కొన్నవారి పేరు, తేదీ దొరికే అవకాశం ఉంది. ఆ పేరుతో ఆర్మీ లిస్టు, పతకాల జాబితా, లండన్‌లోని క్యూ ప్రాంతంలో ఉన్న జాతీయ ఆర్కైవ్‌లో మిగిలిన అధికారుల ఫైళ్లు వెతుకుతారు. అయితే 1940లో జర్మన్ బాంబుదాడిలో మొదటి ప్రపంచయుద్ధపు సైనిక దస్త్రాల్లో పెద్ద భాగం కాలిపోయింది. మామూలు సైనికుల కాగితాలకే ఎక్కువ దెబ్బ తగిలినా అధికారుల ప్రధాన ఫైళ్లు కూడా పోయాయి.

ఈ రంగంలో అత్యంత లోతుగా శోధించింది అమెరికా 7వ అశ్వికదళపు రివాల్వర్లను. 1873లో సైన్యం 8,000 కోల్ట్ సింగిల్ యాక్షన్ రివాల్వర్లకు ఆర్డరు ఇచ్చింది. తొలి సరుకును ఫ్యాక్టరీలో పరీక్షించి ఒప్పుకున్నది ఆర్విల్ ఐన్స్‌వర్త్. ఆయన పొడి అక్షరాలు పిడి చెక్క మీద ముద్రగా కనిపిస్తాయి. 7వ దళానికి ఇవి 1874లో అందాయి. 1876 జూన్ 25న లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధంలో దళాన్ని నడిపిన కస్టర్‌తో చివరిదాకా నిలిచిన వాళ్లలో ఒక్కరూ మిగల్లేదు. వాళ్ల ఆయుధాలు లకోటా, షాయెన్ యోధుల చేతికి వెళ్లాయి. 1890ల నడుమ నుంచి సైన్యం పాత కోల్టులను వెనక్కి తెప్పించి, ఏడున్నర అంగుళాల గొట్టాన్ని ఐదున్నరకు తగ్గించింది. విప్పిన భాగాలను మళ్లీ బిగించేటప్పుడు ఏ భాగం దేనిదో చూడలేదు. అందుకే ఫ్రేము మీద ఒక నంబరు, ట్రిగ్గర్ గార్డు మీద ఇంకొకటి, సిలిండరు మీద మరొకటి కనిపిస్తాయి. కొత్తవాళ్లు దీన్ని లోపం అనుకుంటారు. నిజానికి ఆ రివాల్వర్ సైన్యంలో పనిచేసిందనడానికి అది గట్టి గుర్తు. పొడవు గొట్టంతో, అన్ని నంబర్లూ కలిసి వచ్చే తొలినాటి రివాల్వర్‌నే ఎక్కువ అనుమానించాలి, ఎందుకంటే ధర పలికేది దానికే. 1983లో లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధభూమిలో గడ్డి తగలబడ్డాక 1984, 85లలో డగ్లస్ స్కాట్, రిచర్డ్ ఫాక్స్ తవ్వకాలు జరిపి, ఖాళీ తూటాల మీద సూది దెబ్బ గుర్తులను పోల్చి ఏ తుపాకీ ఎక్కడెక్కడ పేలిందో గుర్తించారు.

పేరు చెక్కి ఉన్నంత మాత్రాన నమ్మకూడదు. నీలిపూత అరిగిపోయిన చోట కూడా గీతల అంచులు వేలికి గరుకుగా తగిలితే చెక్కినది కొత్తదని అర్థం. మోసానికి కారణం డబ్బే. బందిపోటు బిల్లీ ద కిడ్‌ను చంపిన షెరీఫ్ ప్యాట్ గ్యారెట్ కోల్ట్ 2021 వేలంలో 60 లక్షల డాలర్లకు పైగా పలికింది. సైన్యం అమ్మేసిన స్కోఫీల్డ్ రివాల్వర్లలో కొన్నింటిని వెల్స్ ఫార్గో రవాణా సంస్థ కొని తన ముద్ర వేసుకుంది. ఆ ముద్రకు నకళ్లు బోలెడు.

సందేహానికి తావులేని చరిత్ర, తరువాత అమెరికా అధ్యక్షుడైన థియొడోర్ రూజ్‌వెల్ట్ రివాల్వర్‌ది. 1898 ఫిబ్రవరిలో హవానా రేవులో మునిగిన మెయిన్ యుద్ధనౌక నుంచి బయటికి తీసిన కోల్ట్ అది. నౌకాదళంలో ఉన్న బావగారు ఆయనకు ఇచ్చారు. అదే ఏడాది జూలై 1న శాన్ హ్వాన్ కొండ దగ్గర ఆయన దాన్ని వాడారు. పిడికి ఒక వైపు నౌక పేరు, రెండో వైపు యుద్ధం తేదీ, ఆయన పేరు చెక్కించి ఉన్నాయి. 1990లో సాగమోర్ హిల్ మ్యూజియం నుంచి దొంగలెత్తుకుపోగా 2006లో ఎఫ్‌బీఐ పట్టుకుంది. దాని సీరియల్ నంబరు 16334.

నంబరుతో ఆచూకీ తీసిన ఉదంతం మన దేశంలోనూ ఉంది. అది రివాల్వర్ కాదు, కోల్ట్ ఆటోమేటిక్ పిస్తోలు. 1928 డిసెంబరు 17న లాహోరులో పోలీసు అధికారి సాండర్స్‌ను చంపినప్పుడు భగత్ సింగ్ వాడిన ఆ పిస్తోలు ఇందోర్‌లోని సరిహద్దు భద్రతా దళపు మ్యూజియంలో ఎవరికీ తెలియకుండా పడి ఉండేది. తుప్పు పట్టకుండా పూసిన రంగు గీకితే నంబరు బయటపడింది. కేసు దస్త్రంలోని 168896 తో అది సరిపోయింది. తరువాత దాన్ని పంజాబ్‌లోని హుస్సేనీవాలా మ్యూజియానికి తరలించారు.

ఎవరు ఏది దాచుకోవచ్చన్నది ఆ దేశపు చట్టాన్ని బట్టి ఉంటుంది. అమెరికా 1898, అంతకు ముందు తయారైన వాటిని పురాతనమైనవిగా చూస్తుంది. బ్రిటన్ 1997లో చేతి తుపాకులను నిషేధించినా చారిత్రక విలువ ఉన్నవాటిని నిర్ణీత స్థలాల్లో ఉంచుకునేందుకు ప్రత్యేక అనుమతి ఇస్తోంది. భారత్‌లో 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ ప్రకారం, బాగుచేసినా పేలే స్థితిలో లేని పాత ఆయుధాలకే మినహాయింపు. పేలేదైతే ఎంత పాతదైనా లైసెన్సు కావాలి.