కుర్చీకి కట్టిన శిష్యులు

మన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంవారికి బుద్ధుని మాట కొత్తదేమీ కాదు. పత్తికొండ అవతల జొన్నగిరి దగ్గర, ఎర్రగుడి బండల మీద అశోక చక్రవర్తి తాను సంఘాన్ని ఆశ్రయించిన సంగతి చెక్కించాడు. ఇరవైరెండు వందల ఏళ్ళు దాటినా ఆ రాత ఇంకా ఉంది. రాయి కనుక నిలిచింది. మరి కర్ర మీద చెక్కితేనో? జపానులో అలా చెక్కిన ఒక కళాకారుని గురించీ, ఆయన ఇల్లాలి గురించీ చెబుతాను, వినండి.

ఆయన పేరు మునకత షికో. 1903లో అవొమొరిలో ఒక కమ్మరి ఇంట పుట్టాడు. చూపు బాగా తక్కువ. ముఖం చెక్కకు ఆనించినంత దగ్గరగా పెట్టి ఉలి నడిపేవాడు. 1939లో బుద్ధుని పదిమంది ముఖ్యశిష్యులనూ, ఇద్దరు బోధిసత్త్వులనూ పన్నెండు బొమ్మలుగా చెక్కాడు. ఒక్కొక్కటి సుమారు మీటరు ఎత్తు.

మచిలీపట్నం కలంకారీలో అచ్చుకు రంగు అద్ది గుడ్డ మీద ఒత్తుతారు కదా! జపానువారిది తలకిందుల పద్ధతి. చెక్కకు సిరా పూసి, దానిమీద కాగితం పరిచి, పైనుంచి రుద్దుతారు.

ఈ బొమ్మల్లో రంగులు లేవు, నలుపూ తెలుపే. చెక్క అంచులదాకా మనిషి నిండి ఉంటాడు. శిష్యుల్లో మంగలి ఉపాలి ఉన్నాడు, బుద్ధుని కన్నకొడుకు రాహులుడున్నాడు. పెంచిన తల్లి గౌతమి సంఘంలో చేరతానంటే, ఆడవాళ్ళ తరఫున బుద్ధుణ్ణి బతిమాలిన ఆనందుడూ ఉన్నాడు. బుద్ధుడు మాత్రం లేడు.

1945లో టోక్యో మీద బాంబులు పడుతుంటే వీరి కుటుంబం ఫుకుమిత్సు అనే ఊరికి తరలిపోయింది. సామాను పంపే పని భార్య చియ మీద పడింది. ఒక కుర్చీ దారిలో విరగకుండా, దాని చుట్టూ ఈ శిష్యుల చెక్కలను కట్టి పంపిందావిడ. ఆ తరువాత ఇల్లు కాలిపోయింది. ఎన్నో చెక్కలు బూడిదయ్యాయి. బోధిసత్త్వులిద్దరూ పోయారు, కుర్చీతో వెళ్ళిన పదిమందీ మిగిలారు. పోయిన ఇద్దరినీ 1948లో ఆయన మళ్ళీ చెక్కుకున్నాడు.

ఆ బొమ్మలే 1955లో బ్రెజిల్ దేశపు సావోపావ్లోలో బహుమతి గెలిచాయి. మరుసటి ఏడు వెనిస్‌లోనూ మునకతకు పెద్ద బహుమతి వచ్చింది. 1975లో ఆయన కన్నుమూశాడు.

చెక్కినవాని పేరు లోకమంతా తెలుసు. మూట కట్టిన చేతులు ఎందరికి తెలుసు? మన ఇళ్ళల్లోనూ అటక మీద తాతగారి తాళపత్రాలుంటాయి, నేతపనివారి ఇళ్ళల్లో పాత మగ్గం సామాను ఉంటుంది. పొయ్యిలోకి పోయేదేదో, పెట్టెలోకి చేరేదేదో తేల్చేది మనమే కదండీ. ఈసారి అటక దులిపేటప్పుడు ఒక్క క్షణం ఆగి చూడండి.