జారిపోయిన ఒక్క మాట

శుభలేఖలో పెళ్ళికూతురి పేరు తప్పు పడితేనే ఇల్లంతా గగ్గోలెత్తిపోతుంది. మరి దేవుడి ఆజ్ఞే తప్పు పడితే?

1631లో లండన్‌లో రాజుగారి ముద్రాపకులు రాబర్ట్ బార్కర్, మార్టిన్ లూకస్ బైబిలు అచ్చువేశారు. పది ఆజ్ఞల్లో ఒకచోట ఇంగ్లీషు మాట ‘నాట్’ జారిపోయింది. ఇంకేముంది! వ్యభిచారం చేయరాదన్న ఆజ్ఞ కాస్తా ‘చేయవలెను’ అయి కూర్చుంది. మొదటి ఛార్లెస్ రాజు మండిపడ్డాడు. 300 పౌన్ల జరిమానా పడింది.

ఆర్చిబిషప్ జార్జి ఆబట్ మరీ వాపోయాడు. పూర్వం మేలైన కాగితం, ప్రూఫులు దిద్దడానికి పండితులు ఉండేవారట. ఇప్పుడేమో కాగితం నాసి, అక్షరాలు కూర్చేది కుర్రకారు, దిద్దేవారికి చదువు సున్న! అచ్చుపనిలో నాణ్యత అంటే ఏమిటో ఆయన మాటల్లోనే ఉంది.

అందుకే ఈసారి శుభలేఖ ప్రూఫు వస్తే, ‘ప్రెస్సువాళ్ళు చూసే ఉంటార్లే’ అనుకోకండి. కళ్ళజోడు పెట్టుకుని మీరూ ఓసారి చదవండి.