సీడీ మింగిన పెట్టె

ఒడిశా వైపు నుంచి సుంకి ఘాటీ దిగి వచ్చే లారీలకు ఆంధ్రలో తగిలే మొదటి పెద్ద ఊరు సాలూరు. లారీల మీద బతికే ఊరు ఇది. తోలేవాళ్ళు, బాడీలు కట్టేవాళ్ళు, కమాన్‌పట్టీలు మార్చేవాళ్ళు, వెనక తలుపు మీద బొమ్మలు వేసేవాళ్ళు, అందరికీ అదే బువ్వ. లారీ తిరిగే చోట కాటా ఉంటుంది. కాటా గదిలో ఒక కంప్యూటరుంటుంది, దాదాపు ఎప్పుడూ పాతదే. బండి పలక ఎక్కగానే కింద ఉన్న లోడ్‌సెల్స్ మీద బరువు పడుతుంది. ఇండికేటర్ దాన్ని అంకెల్లోకి మార్చి తొమ్మిది పిన్నుల సీరియల్ తీగ గుండా కంప్యూటరుకు పంపుతుంది. డాట్ మేట్రిక్స్ ప్రింటర్ కీచుమంటూ చీటీ కొడుతుంది. ఆ తొమ్మిది పిన్నుల తీగ దూర్చడానికి ఇవాళ్టి ల్యాప్‌టాప్‌కు చోటు లేదు. మధ్యలో తగిలించే యూఎస్‌బీ తీగలు దొరుకుతాయి కానీ, లారీలు వరస కట్టిన వేళ అవి మొరాయిస్తే సర్దిచెప్పడం కష్టం. అందుకే, "ఏటి బాబూ, ఈ డొక్కుది ఇంకా పనిసేత్తందేటి?" అని డ్రైవర్లు ఎంత ఎగతాళి చేసినా పాత యంత్రానికి అక్కడ నౌకరీ ఉంది.

ఆ డొక్కుల్లో ఒక జాతి, ఒకప్పుడు లక్ష దాటిన ధర పలికి, 'మల్టీమీడియా ల్యాప్‌టాప్' అని గొప్పగా చెప్పించుకున్నది. చుట్టూ అన్ని రంధ్రాలు, పక్కన నోరు తెరిచే సీడీ డ్రైవ్, ముందు వైపు పాట ఆపే, నడిపే బొత్తాలు. దాని పుట్టుక వెతుకుతూ పోతే దారి ఎవరూ ఊహించని విధంగా తిరువణ్ణామలై మీదుగా పోతుంది.

చేత పట్టుకుని తిరిగే కంప్యూటర్లలో మొదటగా జనం కొన్నది 1981లో వచ్చిన ఆస్బర్న్-1. దాని బరువు 11 కిలోలు, తెర 5 అంగుళాలు, ధర 1,795 డాలర్లు. బ్యాటరీ లేదు, గోడ ప్లగ్గు దొరికితేనే పని. దాన్ని తయారు చేయించిన ఆడమ్ ఆస్బర్న్ బాల్యం గడిచింది రమణ మహర్షి ఆశ్రమం నీడలో. మహర్షి మీద పుస్తకాలు రాసి, 'ది మౌంటెన్ పాత్' పత్రికను మొదలుపెట్టిన ఆర్థర్ ఆస్బర్న్ ఈయన తండ్రి. రెండో ప్రపంచ యుద్ధంలో తండ్రి సయాంలో జపాను వాళ్ళ నిర్బంధంలో ఉండగా తల్లీ పిల్లలూ తిరువణ్ణామలైలో తలదాచుకున్నారు. పెద్దయ్యాక ఆడమ్ అమెరికా వెళ్ళాడు, కంపెనీ పెట్టాడు, రెండేళ్ళ పైచిలుకులోనే సంపాదించి దివాలా కూడా తీశాడు. చివరికి కొడైకెనాల్ చేరుకుని 2003లో అక్కడే కన్నుమూశాడు. ల్యాప్‌టాప్ అంటే పూర్తిగా పరాయి సరుకు అనుకునేవాళ్ళకు ఈ కథ చెప్పాలనిపిస్తుంది.

ఆస్బర్న్ తరవాత మడతపెట్టే గ్రిడ్ కంపాస్ 1982లో, ఒళ్ళో పెట్టుకునే తోషిబా టి1100 1985లో వచ్చాయి. ఏది వచ్చినా మూగదే. తప్పు చేస్తే ఒక 'బీప్' అనడం తప్ప వాటికి గొంతు లేదు. గొంతు ఇచ్చింది సింగపూర్. సిమ్ వాంగ్ హూ స్థాపించిన క్రియేటివ్ కంపెనీ 1989లో సౌండ్ బ్లాస్టర్ కార్డు తెచ్చింది. అంతకు ముందే, 1982లో, ఫిలిప్స్, సోనీ కలిసి సీడీని బజారులోకి దించాయి. పాటల కోసం పుట్టిన ఆ పళ్ళెంలో 650 మెగాబైట్ల సమాచారం పడుతుందంటే అప్పటి కంప్యూటర్లవాళ్ళ నోట మాట రాలేదు, ఇళ్ళలోని హార్డ్‌డిస్కులు అందులో పదో వంతు కూడా ఉండేవి కావు మరి.

ఇక్కడ సాలూరు షెడ్లను తలుచుకోవాలి. లారీ కంపెనీ నుంచి ఛాసిస్ మాత్రమే వస్తుంది, బాడీ ఇక్కడ కడతారు, కట్టేవాడి చేతిని బట్టి బండి తీరు ఉంటుంది. మల్టీమీడియా కంప్యూటర్ కూడా సరిగ్గా అలాగే తయారైంది. ఛాసిస్ ఐబీఎం పీసీది. సౌండ్ కార్డు ఒకరిది, సీడీ డ్రైవ్ ఇంకొకరిది, తెర మరొకరిది. ఎవరికి తోచినట్టు వాళ్ళు బిగిస్తే కొన్నవాడు ఏమైపోవాలి? అందుకని మైక్రోసాఫ్ట్ చొరవతో కంపెనీలు ఒక మండలిగా చేరి 1991లో 'ఎంపీసీ' అనే ప్రమాణం పెట్టాయి. 386ఎస్‌ఎక్స్ ప్రాసెసర్, 2 మెగాబైట్ల మెమరీ, 30 మెగాబైట్ల హార్డ్‌డిస్కు, సెకనుకు 150 కిలోబైట్లు అందించే సీడీ డ్రైవ్, సౌండ్ కార్డు ఉంటేనే ఆ ముద్ర. 1993లో రెండో మెట్టు, 1996లో పెంటియంతో మూడో మెట్టు వచ్చాయి. ఆ తరవాత ముద్ర అవసరమే లేకపోయింది, అన్ని కంప్యూటర్లూ అలాగే వస్తున్నాయి కనక.

బల్లమీద పెట్టే డబ్బాలో ఇవన్నీ ఇరికించడం తేలికే. ఒళ్ళో పెట్టుకునే దాంట్లోనే అసలు చిక్కు. 12 సెంటీమీటర్ల పళ్ళెం గిర్రున తిరగాలి, కుదుపుకు కిరణం తప్పిపోకూడదు, మోటారు బ్యాటరీని తాగేయకూడదు. తొలి మోడళ్ళలో చాలావాటికి సీడీ కావాలంటే ఫ్లాపీని పీకి అదే గూట్లో పెట్టుకోవాల్సి వచ్చేది. 1994లో ఐబీఎం తెచ్చిన థింక్‌ప్యాడ్ 755సీడీ, సీడీ డ్రైవ్‌ను కడుపులో పెట్టుకుని పుట్టిన తొలి ల్యాప్‌టాప్‌లలో ఒకటి. సౌండ్ కార్డు ఒక చిప్పులోకి కుదించుకుపోయింది. 1997 జనవరిలో ఇంటెల్ ఎంఎంఎక్స్ పెంటియం వచ్చి బొమ్మను విప్పే పని కాస్త తేలిక చేసింది. వెనకే డీవీడీ. 2000 దాటాక ఈ జాతికి వైభోగం పట్టింది. తోషిబా శాటిలైట్లలో హార్మన్ కార్డన్ స్పీకర్లు, హెచ్‌పీ పెవిలియన్లలో ఆల్టెక్ లాన్సింగ్ స్పీకర్లు, విండోస్ తెరవకుండానే సినిమా ఆడించే క్విక్‌ప్లే బొత్తాం. టీవీకి తగిలించేందుకు ఎస్-వీడియో, క్యామెరాకు ఫైర్‌వైర్. నా ఉద్దేశంలో ల్యాప్‌టాప్‌ల చరిత్రలో ఉదారమైన కాలం అదే. తరవాత సన్నబడాలనే యావలో పడి రంధ్రాలన్నీ ఒక్కొక్కటే పూడ్చేశారు.

మన దగ్గర మల్టీమీడియా ల్యాప్‌టాప్‌కు పట్టం కట్టింది వీసీడీ. ఒక్కో పళ్ళెంలో 74 నిమిషాల సినిమా. ఏ తెలుగు సినిమా కూడా ఒక దాంట్లో ఇమడదు, మూడు గంటలు దాటే 'మాయాబజార్'కు మూడు కావాల్సిందే. 1957 నాటి ఆ సినిమాలో పెట్టె మూత తెరవగానే ప్రియమైనవాళ్ళు కనిపించే ప్రియదర్శిని ఉంది కదా, దాన్ని ల్యాప్‌టాప్ అని ఇవాళ ప్రతివాళ్ళూ నవ్వుకుంటారు. సాలూరువాళ్ళకు అందులో ఇంకో వాటా కూడా ఉంది. ఆ సినిమా పాటల్లో కొన్నిటికి బాణీలు కట్టిన సాలూరి రాజేశ్వరరావు పుట్టింది ఈ పక్క శివరామపురంలో. మిగతా సంగీతమంతా చూసుకున్న ఘంటసాలకు విజయనగరం సంగీత కళాశాలలో చదువు చెప్పి, తన నీడన ఉంచుకున్న గురువు పట్రాయని సీతారామశాస్త్రి. సాలూరు చిన గురువుగారంటే ఆయనే.

ఆ ఘంటసాలను ఫుట్‌పాత్ మీదకు తెచ్చింది మాత్రం జర్మనీ వాళ్ళు. ఫ్రౌన్‌హోఫర్ సంస్థ ఇంజినీర్లు 1995 జులైలో తమ పాటల ఫైళ్ళకు 'ఎంపీ3' అన్న తోక ఖాయం చేశారు. మామూలు సీడీలో 74 నిమిషాల పాట పడితే, ఎంపీ3గా నొక్కితే అదే సీడీలో పదకొండు గంటలకు పైగా పడుతుంది. ఘంటసాల, సుశీల, బాలు, ఎవరివైనా నూటయాభై పాటలు ఒకే పళ్ళెంలో. న్యాయమా అంటే కాదు, అన్నీ దొంగ సరుకే. కానీ ఉత్తరాంధ్ర చిన్న ఊళ్ళలో పాత పాట బతికింది చాలావరకు ఆ దొంగ సీడీల మీదే.

ఆ మల్టీమీడియా ల్యాప్‌టాప్ ఇవాళ ఎందుకు పనికొస్తుందంటే ముందు ఎందుకు పనికిరాదో చెప్పాలి. విండోస్ ఎక్స్‌పీ ఉన్నదాన్ని ఇంటర్నెట్‌కు కలపకూడదు. దానికి మైక్రోసాఫ్ట్ మరమ్మతులు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయాయి. బ్యాంకు పని దాంట్లో చేయడం తాళం లేని ఇంట్లో నగలు పెట్టడమే. యూట్యూబ్ దానికి మోయలేని బరువు. 'పాతదే కదా, పిల్లాడి చదువుకు ఇచ్చేద్దాం' అనుకునేవాళ్ళు కొందరుంటారు. అది దానం కాదు, పిల్లవాడికి శిక్ష. అద్దాల బీరువాలో పెట్టి చూసుకునేంత పురాతన వస్తువూ కాదది.

దాని విలువంతా పక్కల ఉన్న రంధ్రాల్లో ఉంది. అందులోనూ చిన్నదిగా, పనికిమాలినదిగా కనిపించే నాలుగు పిన్నుల ఫైర్‌వైర్‌లో. సోనీ వాళ్ళు దాన్నే ఐ-లింక్ అన్నారు. 2000 దాటాక మన ఊళ్ళలో చాలా పెళ్ళిళ్ళు మినీడీవీ క్యాసెట్ల మీద తీసినవి. భుజాన పెట్టుకునే పానసోనిక్ క్యామెరా, తల మీద లైటు, వెనక వైరు పట్టుకుని పరుగెత్తే కుర్రాడు గుర్తుండే ఉంటారు. ఇంటివాళ్ళకు దక్కింది కోసి, గులాబీ పువ్వులు తిప్పి, సినిమా పాటలు అతికించిన సీడీ. అసలు మాటలు, అసలు మేళం, చనిపోయిన తాతగారు గొంతెత్తి ఎవర్నో కేకేసిన క్షణం, ఇవన్నీ స్టూడియో అటక మీది క్యాసెట్లలోనే ఉండిపోయాయి. ఆ క్యాసెట్లో బొమ్మ అంకెల రూపంలోనే ఉంటుంది. ఫైర్‌వైర్ తీగ గుండా లాగితే ఒక్క అంకె చెడకుండా కంప్యూటర్లోకి దిగుతుంది. ఎస్-వీడియో గుండానో, టీవీ తెరను ఫోనుతో తీసో ఎక్కిస్తే వచ్చేది నకలుకు నకలు.

పని కూడా బ్రహ్మవిద్య కాదు. క్యాసెట్ ఆడే క్యామెరా కావాలి, తీగ కావాలి. ఎక్స్‌పీలో విన్‌డీవీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, లినక్స్‌లో డీవీగ్రాబ్ చాలు. ఒక గంట క్యాసెట్ దిగడానికి గంటే పడుతుంది, దాదాపు 13 జీబీ తింటుంది. 40 జీబీ డిస్కున్న ఆనాటి ల్యాప్‌టాప్‌లో రెండు క్యాసెట్లు పడితే గొప్ప, కాబట్టి బయట డిస్కు తగిలించాలి. ఆ డిస్కు ఎఫ్‌ఏటీ32 పద్ధతిలో ఉంటే 4 జీబీ దాటిన ఫైలును పట్టదు, ఇరవై నిమిషాలు నిండకుండానే తాళి కడుతుండగా ఆగిపోతుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా మార్చి మొదలుపెట్టాలి.

ఆ తరవాతది లైన్-ఇన్ రంధ్రం. ఆడియో క్యాసెట్లలో ఉన్నది పోతే మళ్ళీ రాదు. పార్వతీపురం పక్క పెదబొండపల్లిలో పుట్టిన ప్రజాకవి వంగపండు పాటలు ఊరూరా తిరిగింది క్యాసెట్ల మీదే. ఆయన 2020లో వెళ్ళిపోయారు. పేరున్నవాళ్ళ పాట ఎక్కడో ఒక చోట దొరుకుతుంది. ఊళ్ళో తప్పెటగుళ్ళ బృందం, శంబర పోలమాంబ జాతరలో ఎవరో రికార్డు చేసిన పాట, అమ్మమ్మ పాడిన మంగళహారతి దొరకవు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు ఉండేది మైకూ ఇయర్‌ఫోనూ కలిపిన ఒకే రంధ్రం, అందులో స్టీరియో పాట సరిగా ఎక్కదు. పాతదాంట్లో, అన్నిటికీ కాకపోయినా, మంచి మోడళ్ళకు విడిగా లైన్-ఇన్ ఉండేది.

ఇంకొకటి అచ్చంగా మన తెలుగువాళ్ళ సమస్య. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, ప్రెస్సులూ డీటీపీ సెంటర్లూ ఏళ్ళ తరబడి 'అను' ఫాంట్లతో, పేజ్‌మేకర్‌తో పనిచేశాయి. పేజ్‌మేకర్ చివరి కూర్పు 7.0 వచ్చింది 2001లో. ఆ కాలం శుభలేఖలు, జాతర కరపత్రాలు, స్థానిక కవుల పుస్తకాలు అన్నీ ఆ ఫైళ్ళలో, సీడీల్లో ఉన్నాయి. ఇవాళ్టి కంప్యూటర్లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గీతలు కలిసిన పిచ్చి రాత కనిపిస్తుంది. ఆ ఫాంట్లూ ఆ పేజ్‌మేకరూ ఉన్న పాత యంత్రంలో తెరిచి, పీడీఎఫ్‌గా దాచి, మాటలను యూనికోడ్‌లోకి మార్చుకోవడమే దారి.

మరమ్మతుల సంగతి క్లుప్తంగా. బ్యాటరీ ఎలాగూ చచ్చి ఉంటుంది, ఉబ్బితే వెంటనే తీసేయాలి, ఛార్జరుతో నడిపించుకోవచ్చు. తేదీ వెనక్కి పోతుంటే లోపలి చిన్న బిళ్ళ బ్యాటరీ మార్చాలి. పాత ఐడీఈ హార్డ్‌డిస్కు రొద పెడుతుంటే ఆలస్యం చేయకుండా నకలు తీయాలి. కొత్త విండోస్ జోలికి పోవద్దు, 32 బిట్ల లినక్స్ వేసుకోవడం మేలు. అక్కడా గడువు ముంచుకొస్తోంది. లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్‌లో, 2025 ఆగస్టులో వచ్చిన 13వ కూర్పులో 32 బిట్ల పీసీలకు ఇన్‌స్టాలర్ తీసేశారు. డెబియన్ 12కు మరమ్మతులు 2028 జూన్ దాకా. ఆపిల్ వాళ్ళు 2025 మాక్‌ఓఎస్‌లో ఫైర్‌వైర్‌నే వదిలేశారు, లినక్స్ వాళ్ళు మాత్రం దాన్ని 2029 దాకా చూసుకుంటామన్నారు.

అటక మీది సరుకు అందాకా ఆగుతుందా అన్నది వేరే సంగతి. రాసే సీడీల్లో సమాచారం ఉండేది రంగు పూతలో, ఎండకూ ఉక్కకూ అది వెలిసిపోతుంది. వానాకాలంలో మన తేమకు క్యాసెట్ టేపుకు బూజు పడుతుంది. బూజు పట్టిన క్యాసెట్‌ను క్యామెరాలో పెడితే హెడ్డు పాడవుతుంది, ముందు పొడి చోట ఆరనిచ్చి, బూజు శుభ్రం చేయించి, అప్పుడు ఎక్కించాలి. పెళ్ళి క్యాసెట్లు ఉన్నవాళ్ళు ముందుగా అడగాల్సింది ల్యాప్‌టాప్ గురించి కాదు, ఆ నాటి స్టూడియోవాళ్ళ క్యామెరా ఇంకా తిరుగుతోందా అని. ల్యాప్‌టాప్ వేలల్లో దొరుకుతుంది. మినీడీవీ క్యామెరాలు ఇప్పుడు కొత్తగా ఎవరూ తయారు చేయడం లేదు.